వెనక బండి కనిపించేదాకా

చౌరస్తాలో ఒక మనిషి కోసం ఎంతసేపు ఆగాలి?

మొన్న జనవరి దాకా నన్నడిగితే ‘పది నిమిషాలు చూసి, ఓ ఫోన్ కొట్టి, వెళ్లిపోవడమే’ అనేవాణ్ణి. ఇప్పుడు మాత్రం నా దగ్గర వేరే జవాబు ఉంది. అది నేర్చుకోవడానికి ఐదు బండ్లు, నాలుగు రోజులు, ఐదొందల కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు పట్టాయి. ఒక ఫ్రెండ్‌ని అడవి మధ్యలో ఒంటరిగా వదిలేయాల్సి కూడా వచ్చింది. చివరిది ప్లాన్‌లో లేదు.

మొదట్నుంచీ చెప్తా.

ఆస్ట్రేలియా ప్లాన్, పాలమూరు బడ్జెట్

మా పెద్దమ్మ కొడుకు అడిలైడ్‌లో ఉంటాడు. రెండేళ్ల కింద ఫ్రెండ్స్‌తో కలిసి బైకుల మీద ఊడ్నడట్టా ట్రాక్ తిరిగొచ్చాడు. దక్షిణ ఆస్ట్రేలియాలో మారీ నుంచి మార్లా దాకా దాదాపు 620 కిలోమీటర్ల మట్టిరోడ్డు అది. దారిలో విలియం క్రీక్ లాంటి ఊళ్లొస్తాయి. ఊరంటే నాలుగు ఇళ్లు, ఒక హోటల్, ఒక పెట్రోల్ బంక్. ఆ ఫొటోలు చూసిన రోజు నుంచి మా ఆఫీసు గ్యాంగ్‌కి నిద్ర లేదు. వీసా, టికెట్లు, బండి అద్దె అన్నీ ఎక్సెల్ షీట్‌లో వేశాం. కింద టోటల్ చూసి ల్యాప్‌టాప్ మూసేశాం.

అప్పుడు అన్నే ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. “అరేయ్, ఎడారి చూడాలంటే ఇక్కడికి రావాలి. గ్రూప్ రైడ్ నేర్చుకోవాలంటే మాత్రం మన దగ్గరే నేర్చుకోవచ్చు. ముందు అక్కడ నాలుగు రోజులు టెంట్లేసుకుని తిరగండి.”

అలా పుట్టింది మా రూట్. హైదరాబాద్ నుంచి మాల్, మర్రిగూడ, దేవరకొండ, డిండి, అచ్చంపేట, కొల్లాపూర్, సోమశిల, వనపర్తి, మక్తల్, కృష్ణా తీరంలో ముడుమాల్, అక్కణ్ణుంచి మహబూబ్‌నగర్. అంటే పాత నల్గొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల మీదుగా ఒక పెద్ద చుట్టు. ఇది ఎడారి కాదు, ముందే ఒప్పుకుంటున్నా. ఊడ్నడట్టా వైపు ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. మా పాలమూరులో 600కి అటూ ఇటూ పడుతుంది. కానీ ఎర్రమట్టి, బోడిగుట్టలు, సంక్రాంతికే ఎండిపోయే వాగులు చూస్తే ఈ నేలకు దాహం కొత్త కాదని తెలుస్తుంది.

దేవరకద్ర దగ్గర మా ఊరు. బయల్దేరే ముందు నానమ్మకి ఫోన్ చేసి “టెంట్ కొన్న నానమ్మా, నాలుగు రోజులు బయటనే పంటం” అన్నాను. అవతల కాసేపు సౌండ్ లేదు. తర్వాత నవ్వు.

“ఏం రా, పైసలు వెట్టి గుడారం కొన్నవా? మేం పైసల కోసం గుడారంల పండినం.”

నానమ్మ, తాత శ్రీశైలం డ్యామ్ పనికి గుంపుతో పోయినవాళ్లు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా పాలమూరు లేబర్ కనిపించే రోజులవి. నేను నవ్వి ఫోన్ పెట్టేశా. ఆ మాట మాత్రం హెల్మెట్‌లో దూరిన తేనెటీగలా నాలుగు రోజులూ గుయ్‌మంటూనే ఉంది.

రూల్ చిన్నదే

గ్యాంగ్‌ని పరిచయం చేస్తా. పేర్లు వద్దు, బండ్ల పేర్లతోనే పిలుస్తా. లీడర్ హిమాలయన్ అన్న. ఎక్స్‌పల్స్ మీద మొగుడూపెళ్లాలు. లైసెన్స్ వచ్చి ఏడాది కూడా కాని పల్సర్ తమ్ముడు. అందరికంటే వెనక క్లాసిక్ అక్క. నాది నాన్న వాడిన పాత యూనికార్న్.

ఆస్ట్రేలియాలో అన్నవాళ్లు పాటించిన పద్ధతే మేమూ పెట్టుకున్నాం. లీడర్ ఎప్పుడూ ముందుంటాడు. ఆఖరి బండిని స్వీప్ అంటారు, అది ఎప్పుడూ ఆఖర్నే ఉంటుంది. మలుపు వచ్చినప్పుడు లీడర్ వెనక ఉన్న రెండో బండి అక్కడ ఆగిపోవాలి. వచ్చేవాళ్లకు చెయ్యి చూపిస్తూ దారి చెప్పాలి. స్వీప్ కనిపించేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. మలుపు దగ్గర ఎవరూ లేకపోతే సీదా వెళ్లిపోవడమే.

ఇంతే. ఫోన్ అక్కర్లేదు, నెట్‌వర్క్ అక్కర్లేదు. ఎవడు ఎంత స్లోగా వచ్చినా తప్పిపోడు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, అవతలి నుంచి అక్నాలెడ్జ్‌మెంట్ రాకుండా కనెక్షన్ మూసేయొద్దు.

వినగానే “గింతేనా” అన్నది నేనే.

మరిగిస్తే పోని నీళ్లు

మొదటి రాత్రి మర్రిగూడ మండలంలో ఎక్స్‌పల్స్ వాళ్ల చుట్టాల పొలంలో టెంట్లు వేశాం. చలి బాగుంది, ఆకాశం బాగుంది, బోరు మోటారు పక్కనే ఉంది. బాటిళ్లు పట్టుకుని బోరు దగ్గరికి పోతుంటే ఆ ఇంటి పెద్దాయన కేకేశాడు.

“బిడ్డా, అవి పొలానికి. తాగేటియి కావు.”

“పర్లేదు పెద్దనాయినా, మరిగించుకుంటాం” అన్నాను స్టవ్ చూపించి, పెద్ద క్యాంపర్‌లా.

ఆయన తల అడ్డంగా ఊపాడు. “మరిగిస్తె ఇంకింత చిక్కబడ్తయి.”

నిజమే. ఇక్కడి గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నెమ్మదిగా భూగర్భ జలంలోకి దిగుతుంది. లీటరు నీళ్లలో అది 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఈ మండలాల్లో చాలా బోర్లు తరాల తరబడి ఆ గీత దాటే నీళ్లే ఇచ్చాయి. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, వంగిన కాళ్లు, బిగుసుకుపోయిన నడుములు వాటి ఫలితమే. మరిగిస్తే చచ్చేవి క్రిములు. ఫ్లోరైడ్ క్రిమి కాదు కాబట్టి చావదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాళ్లు పెరుగుతుంది. క్యాంపింగ్ షాపులో కొన్న క్లోరిన్ బిళ్లలూ దాన్ని తీసేయలేవు.

పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే ఒక పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పేరుతోనే వాడారు. మా జిల్లా పేరు ప్రపంచం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది ఇలా.

ఇప్పుడు ఆ ఊరికి మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లొస్తున్నాయి. పెద్దాయన ఇంట్లోంచి అవే బిందెడు తెచ్చి మా బాటిళ్లు నింపాడు. ఐదు లీటర్ల క్యాను కూడా నింపాం. పల్సర్ తమ్ముడి బండికి క్యారియర్ సరిగ్గా లేదు కాబట్టి వాడి నీళ్లు కూడా ఆ క్యానులోనే పోసి నా బండికి కట్టాం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

చౌరస్తా

రెండో రోజు పొద్దున దేవరకొండ ఖిల్లా ఎక్కాం. రేచర్ల పద్మనాయకుల కాలం నాటి కోట అది. గుట్టల్ని కలుపుతూ గోడలు లాగారు. పైన బండల మధ్య వాన నీళ్లు నిలిచే కోనేళ్లున్నాయి. వందల ఏళ్ల కింద వాళ్లూ ముందు నీళ్ల సంగతే చూసుకున్నారు. ఊడ్నడట్టా ట్రాక్ కూడా అంతేనట. నేలలోంచి ఉబికే ఊటల వెంట ఆదివాసులు నడిచిన దారి అది. ఆవిరి రైలింజన్లకు నీళ్లు కావాలి కాబట్టి తర్వాత రైలు పట్టాలు కూడా ఆ ఊటల వెంటే వేశారు. ఎడారిలో రోడ్డు నీళ్లు ఎటు పోతే అటు పోతుంది.

డిండి దాటి శ్రీశైలం హైవే ఎక్కాం. మేం అచ్చంపేట వైపు తిరగాలి. సీదా పోతే మన్ననూర్ చెక్‌పోస్టు, ఆ తర్వాత అమ్రాబాద్ పులుల అభయారణ్యం. దాని వైశాల్యం 2,611 చదరపు కిలోమీటర్లు. లోపల టెంట్లు వేయనివ్వరు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ రోడ్డు మీద బండ్లు కూడా పోనివ్వరు. అందుకే మా రూట్‌లో అడవిని తప్పించాం.

తిరిగే చౌరస్తా దగ్గర రెండో బండి నాదే. ఆగాను. ఎక్స్‌పల్స్ వచ్చింది, చెయ్యి చూపించా, వెళ్లిపోయింది. మిగిలింది పల్సర్, క్లాసిక్.

పది నిమిషాలు. పదిహేను. ఎండ మెడ మీద కూర్చుంది. ఇరవై. ఫోన్ చేస్తే తమ్ముడిది కలవలేదు, అక్క ఎత్తలేదు. హిమాలయన్ అన్న నుంచి మెసేజ్: ‘దాబాలో ఉన్నాం. బిర్యానీ వచ్చేసింది.’

అక్కకి మ్యాప్ తెలుసు కదా, ఇద్దరూ కలిసే వస్తారు కదా అనుకున్నా. బండి స్టార్ట్ చేశా.

దాబాలో సగం ప్లేట్ తిన్నాక క్లాసిక్ అక్క వచ్చింది. ఒక్కతే. హెల్మెట్ తీస్తూనే అడిగింది. “పల్సర్ ఏడి?”

నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

జరిగిందిది. తమ్ముడి బండి మీద లగేజ్ తాడు ఊడింది. ఇద్దరూ ఆగి కట్టారు. అక్క తన సామాను సర్దుకుంటూ “నువ్వు నడువు, వెనకే వస్తున్నా” అంది. స్వీప్‌ని దాటి ఎవరూ వెనక మిగలరు కాబట్టి అది తప్పు కాదు. వాడు చౌరస్తాకి వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. ఎవరూ లేకపోతే సీదా వెళ్లాలి. వాడు రూల్ తప్పలేదు. సీదా వెళ్లాడు.

పెట్రోల్ అచ్చంపేటలో కొట్టిద్దామనుకున్నాం కాబట్టి వాడి బండి అప్పటికే రిజర్వ్‌కి దగ్గర్లో ఉంది. వాడి నీళ్లు నా బండి మీదున్నాయి. వాడు పోతున్న రోడ్డులో కాసేపటికి సిగ్నల్ ఉండదు.

కండక్టర్ ఫోన్

హిమాలయన్ అన్న తిట్టలేదు. తిడితే బాగుండేది. “సిగ్నల్ ఉన్న చోట ఇద్దరు ఉండాలి, మీరు కదలొద్దు” అని ఎక్స్‌పల్స్ వాళ్లకు చెప్పి, నన్నూ అక్కనూ తీసుకుని బయల్దేరాడు.

మన్ననూర్ చెక్‌పోస్టులో అడిగితే “ఒక పల్సర్ పోయి గంటన్నర అయితది” అన్నారు. అప్పుడే అన్న ఫోన్ మోగింది. తెలియని నంబర్.

“సార్, నేను ఆర్టీసీ కండక్టర్‌ని. మీ తమ్ముడు రోడ్డు పక్కన బండి ఆపుకుని కూసున్నడు. పెట్రోల్ అయిపోయిందంట. చిట్టీ మీద నంబర్ రాసిచ్చిండు. సిగ్నల్ వచ్చినంక చేస్తున్న.”

ఆ కండక్టర్ ఎవరో మాకిప్పటికీ తెలియదు. ఆయన ఇది చదివితే, మేం ఆరుగురం మీకు రుణపడి ఉన్నాం.

అడవిలోకి వెళ్లాం. రెండు పక్కలా చెట్లు దగ్గరికి జరిగాయి. కోతులు రోడ్డు మీద కూర్చుని బండ్లను పైకీ కిందకీ చూస్తున్నాయి. ఎండ వాలుతోంది. ఒక మలుపు తిరిగాక కిలోమీటరు రాయి మీద వాడు కూర్చుని కనిపించాడు. పక్కనే బండి.

వాడు బండిని వదిలి నడవలేదు. దారి తప్పితే, బండి ఆగిపోతే వాహనాన్ని వదలొద్దు అనేది ఆస్ట్రేలియా ఎడారిలో మొదటి పాఠం. నడిచిపోయే మనిషి కంటే ఆగి ఉన్న బండే తొందరగా కంటపడుతుంది. అన్న పంపిన ఆ వాయిస్ మెసేజ్ మాలో పూర్తిగా విన్నది వాడొక్కడేనేమో. లిఫ్ట్ ఇస్తామని రెండు కార్లు ఆగాయట. “మీరు నాకోసం వస్తే నేనిక్కడ లేకపోతే ఎట్ల?” అని వెళ్లలేదట.

క్యాను విప్పి నీళ్లిచ్చా. గటగటా తాగాడు. తాగి, మూతి తుడుచుకుని, మామూలుగా అన్నాడు.

“చౌరస్తాల నువ్వుంటవనుకున్న అన్నా. లేవు. అయితే సీదానే అనుకున్న.”

అందులో కోపం లేదు, నా మీద నమ్మకమే ఉంది. అందుకే ఎక్కువ తగిలింది.

సన్న పైపుతో హిమాలయన్ ట్యాంకులోంచి రెండు లీటర్లు తీసి వాడి బండిలో పోశాం. గేటు మూసే టైంకి ముందే మన్ననూర్ దాటాం. ఆ రాత్రి సోమశిలలో నది ఒడ్డున టెంట్లు వేయాలి. అచ్చంపేటలో లాడ్జి గదిలో పడుకున్నాం. ఎవరూ ఏమీ అనలేదు. లైటు ఆర్పేటప్పుడు హిమాలయన్ అన్న ఒక్క మాట అన్నాడు. “రేపు స్వీప్ నువ్వు.”

ఆఖరి బండి

ఆఖరి బండి నడిపితే రోడ్డు వేరేగా కనిపిస్తుంది. ముందున్నప్పుడు రోడ్డు చూస్తాం. వెనకున్నప్పుడు మనుషుల్ని చూస్తాం. ఎవరి బ్యాగు వదులవుతోంది, ఎవరికి నడుం నొప్పి పుట్టి నిటారుగా కూర్చుంటున్నారు, ఎవరు నిద్రకి తూగుతున్నారు, అన్నీ వెనక నుంచే తెలుస్తాయి.

సోమశిల దగ్గర కృష్ణ సముద్రంలా ఉంది. శ్రీశైలం డ్యామ్ వెనక నిలిచిన నీళ్లవి. ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయి. మునిగే చోటు నుంచి గుళ్లను విప్పి, పైకి తెచ్చి కట్టారు. ఊళ్లను అలా తేలేకపోయారు. తాత మోసిన రాళ్లు ఆ డ్యామ్‌లో ఎక్కడో ఉన్నాయి. ఒడ్డున కూర్చుంటే ఎవరికి గర్వపడాలో, ఎవరికి బాధపడాలో తేలలేదు.

మూడో రాత్రి ముడుమాల్. కృష్ణ ఒడ్డున, కర్ణాటక సరిహద్దు పక్కన, మూడు వేల ఏళ్లకు పైబడిన నిలువురాళ్లున్నాయి. కొన్ని రెండు నిలువుల మనిషంత ఎత్తు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. అక్కడొక బండ మీద చిన్న గుంటలు తొలిచి సప్తర్షి మండలాన్ని గుర్తుపెట్టారని పరిశోధకులు చెప్తారు. రాళ్ల మధ్య టెంట్ వేయకూడదు, వేయలేదు. దూరంగా ఒక రైతుని అడిగి ఆయన చెలకలో వేశాం. మంట పెట్టలేదు. పదకొండు దాటాక ఈశాన్యంలో సప్తర్షులు పైకొచ్చాయి. అడిలైడ్ అన్న ఎడారిలో సదరన్ క్రాస్ చూసి దక్షిణం గుర్తుపట్టేవాడట. ఇక్కడ ఎవరో మూడు వేల ఏళ్ల కిందే వెనక వచ్చేవాళ్ల కోసం దారి గుర్తు రాతి మీద చెక్కి పోయారేమో అనిపించింది. పల్సర్ తమ్ముడు పక్క టెంట్‌లో గురక పెడుతున్నాడు. ఆ గురక వింటూ నిద్రపోయా.

మీరు బయల్దేరితే

నీళ్లు మనిషికి రోజుకి ఐదు లీటర్లు లెక్కేసుకోండి. ఎవరి నీళ్లు వాళ్ల బండి మీదే ఉండాలి. బోరు నీళ్లు తాగే ముందు ఊరివాళ్లను అడగండి, మరిగించాం కదా అని ధైర్యపడొద్దు. లైవ్ లొకేషన్‌ని నమ్ముకోకండి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి, ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. అడవిలో టెంట్ వేయొద్దు, పొలంలో వేస్తే యజమానిని అడిగి వేయండి. ట్యాంక్ సగమవగానే నింపండి. బండి ఆగితే బండి దగ్గరే ఉండండి. చౌరస్తాలో నిలబడే పని మీదైతే, నిలబడండి.

పొయ్యి

నాలుగో రోజు మధ్యాహ్నం మక్తల్ మీదుగా వచ్చి ఐదు బండ్లూ మా ఇంటి ముందు ఆగాయి. నానమ్మ అరుగు మీద కూర్చుని, ఒక్కొక్కరం హెల్మెట్ తీస్తుంటే వేలు ఆడిస్తూ లెక్కపెట్టింది. ఆరు. అప్పుడు లేచి లోపలికి నడిచింది.

అన్నాలు తింటుంటే చౌరస్తా సంగతి చెప్పా. దాచలేదు. నానమ్మ మొత్తం విని తాత గుంపు గురించి చెప్పింది.

“గుంపు మేస్త్రి ముంగట నడుస్తుండె. గానీ తలకాయలు లెక్కవెట్టేది ఆఖర్న నడిచేటోడు. పొద్దుమీకి పని కాడికెళ్లి గుడిసెలకు వొస్తే, ఒక్కలు తక్కువున్నా పొయ్యి ముట్టియ్యకపోతుంటిమి. ఎంత ఆకలైనా సరే.”

నేను ఎదురుగా ఉన్న ప్లేట్ వైపు చూశా. దాబా బిర్యానీ గుర్తొచ్చింది.

నానమ్మ నా విస్తట్లో ఇంకో గరిటె అన్నం వేసి, పల్సర్ తమ్ముడి వైపు తిరిగింది. “నువ్వు తిను బిడ్డా ముందుగాల” అంది.